పన్నెండు గళ్ళలో మా అత్తయ్య రంగు

నారాయణగూడలో బొమ్మలు వేసుకునే సామాను అమ్మే కొట్లో నిలబడి నేను అరిచిన అరుపుకి, పక్కన చార్టు కాగితాలు కొంటున్న తల్లీ కూతురూ తిరిగి చూశారు. అరిచినందుకు ఇప్పటికీ నాకేం సిగ్గు లేదు. కొట్టతను నా చేతిలో పెట్టిన నీటిరంగు ట్యూబు మీద ‘ఫ్లెష్ టింట్’ అని రాసి ఉంది. అంటే ఒంటి రంగట. మూత తీసి చూస్తే లేత గులాబీ.

“ఎవరి ఒళ్ళండీ ఇది? ఈ సందులో, ఆ రోడ్డు మీద, మీ కొట్లో ఎవరికైనా ఈ రంగు ఒళ్ళుందా? మీకుందా?” అని అడిగాను.

అతను తన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు. “గది కంపెనోడు పెట్టిన పేరు మేడం. మనుషుల బొమ్మలకు అందరు గదే కొంటరు. నడుస్తది,” అన్నాడు.

నడుస్తుందట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నాకోసం ఎదురుచూస్తున్న మనిషి రంగు ఆ కొట్టు మొత్తంలో ఏ ట్యూబు మీదా రాసి లేదు. ఆ రంగు కోసమే నేను వచ్చాను.

ఆ మనిషి మా అత్తయ్య. మా నాన్నగారి అక్క. డెబ్భై ఏళ్ళు దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి “తీరిక లేక” అని చెప్పి మాట మార్చేసేది. మా తాతగారు ఆఫీసు ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు ఆమె నాలుగేళ్ళ పిల్ల. అప్పటినుంచీ అశోక్‌నగర్‌లోనే ఉంది. నన్ను పెంచింది ఆమే అని చెప్పాలి. మా అమ్మ స్కూలు టీచరు కావడంతో, నాకు జడ వేయడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం అన్నీ అత్తయ్య వంతుకే వచ్చేవి.

అత్తయ్య నల్లగా ఉంటుంది. ‘చామనచాయ’ అని ఎవరైనా సర్దబోతే ఆమెకి నచ్చదు. “చామనచాయ మా తమ్ముడిది. నాది నలుపు. మా అమ్మ రంగు,” అంటుంది. మా ఇంట్లో నాన్నమ్మకీ అత్తయ్యకీ మాత్రమే ఆ రంగు వచ్చింది. నాన్న తాతగారి పోలిక. నేను మా అమ్మ పోలిక. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు బంధువులు నా గడ్డం పట్టుకుని “అదృష్టవంతురాలివే, మేనత్త పోలిక రాలేదు” అని అత్తయ్య ముందే అనేవారు. అత్తయ్య వాళ్ళకి కాఫీ తెచ్చి ఇచ్చేది. నేనైతే ఆ కాఫీ వాళ్ళ నెత్తిన పోసేదాన్ని అని ఇప్పుడు అనుకుంటాను కానీ, అప్పుడు నేనూ పళ్ళికిలించే నిలబడ్డాను.

ఎనిమిదేళ్ళ కిందట నాన్నమ్మ పోయింది. పెద్దకర్మ రోజుకి ఫొటో కావాలని, నాన్న పాత ఫొటో ఒకటి చిక్కడపల్లిలోని ఒక స్టూడియోకి ఇచ్చి పెద్దది చేయించాడు. మా కృష్ణా జిల్లా వైపూ, ఇక్కడివాళ్ళలోనూ, పోయినవాళ్ళ ఫొటో పెద్దది చేయించేటప్పుడు మొహం కాస్త తెల్లబరచడం మామూలే. ఎవరూ అడగరు, స్టూడియోవాడే చేసేస్తాడు. అడగకుండా చేసేదాన్ని మర్యాద అంటారు కాబోలు. నేనూ నాన్నా తేవడానికి వెళ్తే అతను పటం మీది కాగితం విప్పి, “మంచిగ చేసిన సార్. జర తెల్లగ, కళగ ఒచ్చింది సూడుండ్రి. ముడతలు గూడ తీసేసిన,” అన్నాడు. పెదవులకి లేత గులాబీ కూడా అద్దాడు. జీవితంలో ఒక్కసారి కూడా పౌడరు రాసుకోని మనిషి!

కర్మకి వచ్చిన వాళ్ళంతా పటం ముందు నిలబడి “ఎంత కళగా ఉందో, బతికుండగా కూడా ఇంత కళ లేదు” అన్నారు. ఆ మాటలో ఎంత తప్పుందో అన్నవాళ్ళకి తట్టలేదు, విన్నవాళ్ళకీ తట్టలేదు. అత్తయ్య మాత్రం చాలాసేపు చూసి నాన్నని అడిగింది. “ఎవర్రా ఈవిడ?”

నాన్న నవ్వేశాడు. అత్తయ్య నవ్వలేదు. ఇప్పటికీ ఆ పటం మా హాల్లోనే ఉంది. దానికి రోజూ పువ్వు పెడుతుంది కానీ, కళ్ళెత్తి చూడదు.

నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తూ, యాభయ్యో ఏట ఆదివారాలు నీటిరంగుల క్లాసులో చేరాను. నాలుగైదు నెలల్లో పూలకుండీలూ, గుమ్మడికాయలూ, వానలో తడిసిన రోడ్లూ వేసి ఇంట్లో గోడల నిండా అంటించాను. ఒకరోజు సాయంత్రం అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

“మనుషుల్ని వెయ్యడం ఎప్పుడు నేర్పుతారు మీకు?”

“ఎందుకత్తయ్యా?”

“నా బొమ్మ వెయ్యి. నేను పోయాక మీ నాన్న నన్ను కూడా ఆ స్టూడియోకి పట్టుకెళ్ళి తెల్లగా ఉతికిస్తాడు. మా అమ్మకి చేశారుగా. నేనుండగానే నా రంగులో ఒకటి వేసి గోడకి పెట్టెయ్. మేకు నేనే కొట్టుకుంటాను. ఉన్నప్పుడు అదే, పోయాక కూడా అదే. ఇంకో ఫొటో పెట్టమని నేను మాట తీసుకుంటాలే మీ నాన్న దగ్గర.”

“పెట్టవద్దని,” అని సరిచేశాను నేను, నవ్వుతూ.

“ఆ, అదే. పెట్టవద్దని,” అంది. ఆమె చేతిలో చిక్కుడుకాయ విరగకుండా అలాగే ఉండిపోయింది. అప్పుడు అర్థమైంది, ఇది సరదాకి అడిగింది కాదని.

మరుసటి ఆదివారం మా మాస్టారిని అడిగాను. మంచివాడే, ఓపికగా నేర్పుతాడు. కానీ మనుషుల్ని వెయ్యడం మొదలుపెట్టే అందరికీ ఆయన ఒకే జాబితా ఇస్తాడు. పన్నెండు గళ్ళ ఖాళీ రేకు డబ్బా కొనుక్కోవాలి, ఆ జాబితాలోని పన్నెండు రంగులూ గడికి ఒకటి చొప్పున నింపుకోవాలి. అందులో ఆరోది ఆ గులాబీ రంగు. నల్లటి మనిషిని వెయ్యాలంటే ఎలా మాస్టారూ అంటే, “అండ్ల జర నలుపు కలపాలె,” అన్నాడు.

ఆ రెండు రంగులూ మాస్టారి దగ్గరే కాస్త అడిగి తెచ్చుకుని, ఇంటికి వచ్చి కలిపి చూశాను. బూడిద వచ్చింది. ఇంకొంచెం కలిపితే సిమెంటు వచ్చింది. మా అత్తయ్య సిమెంటు రంగులో ఉంటుందా! మళ్ళీ ఆదివారం ఆ కాగితం పట్టుకెళ్ళి మాస్టారికి చూపించాను. ఆయన చూసి తల ఊపాడు.

“గందుకే అంటున్న అమ్మా. ఉన్నదున్నట్టు ఏస్తే బొమ్మ డల్ కొడతది. మనిషిని ఏసేటప్పుడు జర లైట్ చెయ్యాలె. వాళ్ళు గూడ ఖుష్ అయితరు.”

“ఖుష్ చెయ్యొద్దనే మా అత్తయ్య అడిగింది మాస్టారూ,” అన్నాను. క్లాసులో అంతా నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. స్టూడియోవాడికి చదువు లేదు, తెలియదు అనుకున్నాను. ఈయన ఇరవై ఏళ్ళుగా రంగులే నేర్పుతున్నాడు. ఈయన దగ్గరా అదే మాట. రంగుల డబ్బా కొనకముందే అందులో ఎవరికి చోటుందో ఎవరికి లేదో తేల్చేసి, జాబితా రాసి చేతిలో పెడుతున్నారన్నమాట.

ఆ కోపంతోనే నారాయణగూడ కొట్టుకి వెళ్ళి, అక్కడ అరిచి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. నా చిరాకు చూసి అత్తయ్య సంగతి అడిగింది. చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి చెప్పుల కోసం వెతికింది. “రంగుల విషయం నన్నడగకుండా ఎవరెవర్నో అడుగుతావేంటే? పద కొట్టుకి,” అంది.

నాకు అప్పటిదాకా తట్టకపోవడమే విచిత్రం. అత్తయ్య ముప్ఫై ఏళ్ళు పైబడి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మ్యాచింగ్ సెంటర్లో పనిచేసింది. చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, ఫాల్, లంగా గుడ్డ వెతికి ఇచ్చే పని. గోడ నిండా తానులు, ఒక్క ఆకుపచ్చలోనే నలభై రకాలు. చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క చూపు చూసేది, నిచ్చెన ఎక్కకుండానే “పైన అరలో, కుడి నుంచి మూడోది” అని చెప్పేది. ముషీరాబాద్ నుంచీ హైదర్‌గూడ నుంచీ ఆడవాళ్ళు సుల్తాన్ బజార్ దాకా వెళ్ళి తిరిగి, దొరక్క, చివరికి ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆమె ట్యూబులైటు కింద ఎప్పుడూ రంగు తేల్చేది కాదు. చీరా, గుడ్డా రెండూ చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, ఎండలో పెట్టి చూసి మరీ ఇచ్చేది. ఆ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచి, పైన వంతెన వేసేశాక షాపు ముందు ఎండ పోయింది. “ఎండ లేకుండా మ్యాచింగ్ ఏంటి, మోసం కాకపోతే,” అని ఆ ఏడాదే మానేసింది.

అలాంటి మనిషి నారాయణగూడ కొట్లోకి అడుగుపెట్టింది. నన్ను చూడగానే కొట్టతను కొంచెం భయపడ్డట్టే కనిపించాడు. అత్తయ్య బల్ల మీద మోచెయ్యి ఆనించి, చీర కొంగు వెనక్కి తీసి, ముంజేయి చూపించింది.

“బాబూ, ఈ రంగు కావాలి.”

అతను ఆ చేతిని చూశాడు, ట్యూబుల అర వైపు చూశాడు. “రెడీమేడ్ రాదు అమ్మా గిది.”

“రెడీమేడ్ ఎవరడిగారు? గోధుమ రంగులన్నీ తియ్యి. ఎరుపులు తియ్యి. నీలాలు తియ్యి.”

ఆ రోజు నేను నేర్చుకున్నది నాలుగైదు నెలల క్లాసుల్లో నేర్చుకోలేదు. ప్రతి ట్యూబులోంచీ చుక్క తీయించి, కాగితం ముక్కల మీద పూయించి, వాటిని పట్టుకుని సందులో ఎండ పడేచోటికి వెళ్ళి నిలబడింది. నేను వెనకాలే. ట్యూబుల మీద ఉన్న ఇంగ్లీషు పేర్లు ఆమెకి అక్కర్లేకపోయాయి. బర్న్ట్ అంబర్‌ని కాఫీపొడి అంది. బర్న్ట్ సియెన్నాని కొత్త కుండ అంది. అల్ట్రామెరీన్‌ని నీలిమందు అంది. క్రిమ్సన్ చూసి, “ఇది నీళ్ళు పోస్తే బీట్‌రూట్, ఇది కావాలి,” అంది. ఒక్కోటీ మణికట్టు పక్కన పెట్టుకుంటూ, ఏదీ సరిపోక, చివరికి నాతో చెప్పింది.

“ఒక్క రంగుతో అయ్యేది కాదే ఇది. నెమలికంఠం పట్టుచీర చూశావా? పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. రెండూ కలిస్తే పైకి మూడోది కనిపిస్తుంది. మన ఒళ్ళు కూడా అంతే. ఇదిగో, ఇక్కడ కుండ రంగు. దాని మీంచి నీలం. మోచేతి దగ్గర కాఫీపొడి ఎక్కువ. అరచెయ్యి చూడు, గంధం. ఇన్నుంటే, ఆ మాస్టారు ఒక్క నలుపు డబ్బా చూపించాడా? ఆయనకి కళ్ళు లేవా?”

నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆమె నడిరోడ్డు మీద చెయ్యి చాపి, డెబ్భై ఏళ్ళుగా అందరూ ఒక్కమాటలో ‘నలుపు’ అని తీసిపారేసిన దాంట్లో ఎన్ని రంగులున్నాయో నాకు ఒక్కొక్కటే చూపిస్తోంది. పక్కన స్కూటర్లు హారన్లు కొడుతున్నాయి. ఆమె జరగలేదు.

ఇంటికి వచ్చాక డబ్బా నింపడానికి కూర్చున్నాం. జాబితాలోని గులాబీ నేను కొననే లేదు. నలుపు వద్దంది. నిమ్మపండు పసుపు తీసి పక్కన పెట్టించి, ఆ గడిలో రెండో కాఫీపొడి పోయించింది, అది త్వరగా ఖర్చవుతుందని. చివరి గడిలో తెలుపు పిండబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఇదెందుకు?”

“ముక్కు మీద మెరుపుకి అత్తయ్యా. కళ్ళలో మెరుపుకి.”

“కాగితం తెల్లగానే ఉందిగా. అక్కడ రంగు వెయ్యకుండా వదిలెయ్. తెలుపు దగ్గర పెట్టుకుంటే నీ చెయ్యి ఊరుకోదు.”

ఆ మాట నాకు నచ్చలేదు. నన్ను కూడా స్టూడియోవాడితో కలిపేస్తోందనిపించి కాస్త గట్టిగానే, “నేనలాంటిదాన్ని కాదు,” అన్నాను. ఆమె తెలుపు ట్యూబు తీసుకెళ్ళి వంటింట్లో పోపుల డబ్బా వెనకాల పెట్టేసింది. ఆ గడి ఖాళీగానే ఉంచాను.

మా బాల్కనీలో ఉదయం ఎనిమిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి వెలుతురు ఉంటుంది. తర్వాత ఎదురుగా ఉన్న కోచింగ్ పిల్లల హాస్టలు మీద ఎండ పడి, దాని నారింజ రంగంతా మా మీదికి వస్తుంది. మూడు ఆదివారాలు క్లాసు మానేసి, ఆ గంటన్నరలోనే వేశాను. అత్తయ్య ముదురు మామిడిచిగురు రంగు నేతచీర కట్టుకుని, కళ్ళజోడు తీసి, కదలకుండా కూర్చుంది. నేను పళ్ళెంలో రంగు కలిపి, కుంచె కొసని ఆమె చేతి పక్కన పెట్టి, అచ్చంగా కలిసిందని చూసుకున్నాకే కాగితం మీద పెట్టేదాన్ని. ఒక్క చుక్క తేడా రానివ్వలేదు. అంత జాగ్రత్త పడినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

మూడో ఆదివారం తొమ్మిదిన్నరకి, చివరగా మొహం కూడా వేసి, బొమ్మ పూర్తి చేశాను. భోజనం చేసి వచ్చేసరికి ఆరింది. నాన్న దాన్ని ముందుగా చూశాడు. “అబ్బ, ఎంత బాగా వచ్చిందే!” అని ఫోను తీసి ఫొటో కొట్టి, బంధువుల గ్రూపులో పెట్టేశాడు. పది నిమిషాల్లో పొగడ్తల వాన కురిసింది. ‘అత్తయ్య ఎంత కళగా ఉన్నారో.’ ‘వయసు పదేళ్ళు తగ్గిపోయింది.’ విజయవాడలో ఉన్న పెదనాన్న కూతురు రాసింది: ‘ఇంక స్టూడియోకి వెళ్ళక్కర్లేదు, ఇంట్లోనే స్టూడియో ఉంది.’

అది చదివాక బొమ్మని మళ్ళీ చూశాను. కాగితం మీద ఉన్నది చామనచాయ ఆడమనిషి. అత్తయ్య ముక్కే, అత్తయ్య కళ్ళే, అత్తయ్య చీరే. రంగు మాత్రం మా నాన్నది.

అత్తయ్య వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.

“ఎవరే ఈవిడ?” అంది.

“నేనేం చెయ్యలేదు అత్తయ్యా! ఒట్టు. తెలుపు ముట్టుకోలేదు. కలిపినప్పుడల్లా నీ చేతి పక్కన పెట్టే చూశాను. అచ్చం నీ రంగే!”

“ఎప్పుడు చూశావు? తడి మీదా, ఆరాకా?”

నీటిరంగు ఆరితే పాలిపోతుందని మాస్టారు మొదటి రోజే చెప్పాడు. గుమ్మడికాయ వేసినప్పుడు గుర్తుంది. అత్తయ్యని వేసినప్పుడు గుర్తులేదు. గుమ్మడికాయ కాస్త పాలిపోతే వెంటనే కనిపెట్టి, మళ్ళీ పూత పూసిన దాన్ని, మనిషి మొహం రెండు గంటల్లో నా కళ్ళముందే తెల్లబడుతుంటే అన్నం తిని వచ్చాను. ఆరిన బొమ్మని చూసి, ఆ పొగడ్తలు చదవకపోతే, నాకే తేడా తెలిసేది కాదేమో. అదే నన్ను ఎక్కువ మండించింది. నా మీద నాకే.

“తడి గుడ్డకి ఎవరైనా మ్యాచింగ్ చూస్తారా?” అంది అత్తయ్య. కోపంగా కూడా అనలేదు. “వానాకాలం చీరలు తడుపుకుని వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. ఆరబెట్టుకుని రండమ్మా, అప్పుడు చూస్తాను అని వెనక్కి పంపేదాన్ని. తడి మీద ఏదైనా ఒక మెట్టు ముదురే. నాకు చెప్పి ఉంటే నేను చెప్పనా?”

గ్రూపులో నాన్న పెట్టిన ఫొటో తీసెయ్యమని గొడవ చేశాను. “అందరికీ నచ్చింది కదే, నీకేంటి బాధ?” అన్నాడాయన. అందరికీ నచ్చడమే నా బాధ అని ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. నాన్నమ్మ పటం కింద నిలబడి ఆ మాట అన్నాడు, పైగా.

మర్నాటి నుంచి పని అత్తయ్య చేతిలోకి వెళ్ళింది. బొమ్మలు వేసే కొత్త కాగితాన్ని జాకెట్టు ముక్కల్లా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో పాళ్ళలో రంగు పూయించింది. కొత్త కుండ ఒక పూత, ఆరాక నీలిమందు పల్చగా, ఆరాక కాఫీపొడి, ఆరాక బీట్‌రూట్. వాటిని బట్టలారేసే తీగకి క్లిప్పులు పెట్టి వేలాడదీసింది. కూరలమ్మే ఆవిడ కింద నుంచి చూసి, “ఏందమ్మా అవి, పండగ తోరణాలా?” అని అడిగింది. “కాదు, నా తోలు,” అంది అత్తయ్య. ఆవిడ నవ్వి నవ్వి బుట్ట దించేసింది.

ఆరిన ముక్కల్ని రోజూ ఉదయం ఎండలో చేతి మీద, చెంప మీద, మెడ మీద పెట్టి చూసేవాళ్ళం. నాలుగో రోజు నుదుటికి సరైన ముక్క దొరికింది. ఆరో రోజు చెంపకి. తడిగా ఉన్నప్పుడు అవి ఎంత ముదురుగా కనిపించాయంటే, ఇంత ముదురు వెయ్యడానికి నాకే ధైర్యం చాలలేదు. ఇన్ని మాటలు మాట్లాడిన నా చెయ్యి, ఆ ముదురు రంగు కుంచెతో ఆమె చెంప మీదికి వెళ్ళేటప్పుడు నీళ్ళ గ్లాసు వైపు జరిగింది, కాస్త పల్చన చేద్దామని. ఎవరూ చెప్పకుండానే. అత్తయ్య చూస్తూనే ఉంది. నేను కుంచె వెనక్కి తెచ్చి, అలాగే వేశాను.

రెండో బొమ్మకి నెల పట్టింది. పూత మీద పూత, ఏడు పూతలు. ఆరిన తర్వాత బాల్కనీలో ఆమె పక్కన పెట్టి చూశాను. బొమ్మలో చెంప ఎముక మీద ఎండ పడినచోట రాగి రంగు, దవడ కింద నీలం, కళ్ళ చుట్టూ కాఫీపొడి. బొమ్మలో ముసలిదే, నల్లనిదే, మా అత్తయ్యే. నేను అంతకన్నా మంచి బొమ్మ ఇంక ఎప్పటికీ వెయ్యలేనని అప్పుడే తెలిసిపోయింది.

నాన్న వచ్చి చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగి నెమ్మదిగా, “మరీ ఇంత నల్లగానా అక్కా? హాల్లో పెడితే నలుగురూ చూస్తారు. మొదటిదే బాగుంది కదా,” అన్నాడు.

అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది. అంతకాలం దాచుకున్నదంతా కక్కేశాను. “నలుగురూ ఎవరు నాన్నా? నాన్నమ్మ పోయిన పది రోజులకే ఆవిడ మొహం చెరిపేయించావు, అదేదో గొప్పగా అందరికీ చూపించావు. స్టూడియోవాడికి సిగ్గులేదు, మాస్టారికి సిగ్గులేదు, గులాబీ రంగు ట్యూబు మీద ‘ఒళ్ళు’ అని రాసినవాడికి సిగ్గులేదు. పెళ్ళిళ్ళలో ఈవిడ ముందే ఈవిడ రంగు గురించి మాట్లాడిన ఒక్క మనిషికీ సిగ్గులేదు. ఈ ఇంట్లో ఈవిడ చేతి వంట తిన్నవాళ్ళే అందరూ. ఈవిడ మొహం మాత్రం ఎవరికీ పనికిరాదా?” నాన్న తల దించుకున్నాడు. నేను ఆపలేదు. ఇంకా చాలా అన్నాను. అత్తయ్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాక, నా పక్కన వచ్చి కూర్చుంది.

“అయిందా?” అంది.

“అయింది.”

“నువ్వు ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఒకరోజు క్యారియర్ మర్చిపోయి బడికి వెళ్ళావు. షాపులో చెప్పి, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడుచుకుంటూ తెచ్చాను. గేటు దగ్గర నీతో ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఎవరే ఆవిడ అని అడిగారు.”

ఆమెకి వినబడలేదనే అనుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వినబడలేదనే అనుకుంటున్నాను.

“మా ఇంట్లో పని చేస్తుంది, అన్నావు,” అంది అత్తయ్య. “ఆ పిల్లలు నావైపు చూశారు. నీ మాట పోకూడదని, అవునన్నట్టు తలూపి వచ్చేశాను.”

అప్పుడు చిన్నపిల్లనని నేను అనలేదు. క్షమించమని కూడా అనలేకపోయాను, ఆ మాట పెట్టడానికి చోటే కనిపించలేదు. స్టూడియోవాడు నాన్నమ్మ పోయాక చేశాడు ఆ పని. నేను బతికున్న మనిషికి, ఎదురుగా నిలబెట్టి చేశాను. ఇన్నేళ్ళూ నేను అందరి మీదా చూపించిన కోపమంతా ఆ గేటు దగ్గర నిలబడి ఉంది.

అత్తయ్య బొమ్మ కింద ఖాళీగా ఉన్న తెల్లటి జాగా మీద వేలు పెట్టింది.

“ఇక్కడ రాయి.”

“ఏం రాయను?”

“నేను నీకేమవుతానో రాయి. హాల్లోకి వచ్చినవాళ్ళు చదువుకుంటారు.”

బల్ల మీద పెన్సిల్ ఉంది. అక్షరాలు వంకరపోకుండా నెమ్మదిగా రాశాను: మా మేనత్త.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది. “పెన్సిల్ చెరిగిపోతుంది,” అంది. “పెన్నుతో రాయి.”